మత్తు, ప్రమాదం, అప్రమత్తత: శస్త్రచికిత్సకు ముందటి భయంపై ఒక నైతిక పరిశీలన

1. ప్రవేశిక

శస్త్రచికిత్సకు సిద్ధమైన రోగిని ఎక్కువగా కలవరపెట్టేది చాలాసార్లు కత్తి కాదు, మత్తు. కోత ఎంత ఉంటుంది, కుట్లు ఎన్నాళ్లకు విప్పుతారు, పొలం పనికి మళ్లీ ఎప్పుడు పోవచ్చు అనే ప్రశ్నలను రోగి నలుగురిలో అడగగలడు. మత్తు ఇచ్చాక మళ్లీ తెలివి వస్తుందా అనే ప్రశ్నను మాత్రం దగ్గరివారిని, అదీ రాత్రివేళ, గొంతు తగ్గించి అడుగుతాడు. ఈ ప్రశ్నకు మన సమాజంలో సిద్ధంగా ఉన్న జవాబులు రెండు. “ఏం గాదులేప్పా, నిద్రపోయి లేచినట్లే” అన్నది ఒకటి. “అహోబిలం స్వామి మీద భారం వెయ్యి” అన్నది రెండోది. రెండూ ప్రేమతో చెప్పేవే. అయితే మొదటిది భయాన్ని అజ్ఞానంగా లెక్కగట్టి తోసిపుచ్చుతుంది. రెండోది దానిని మనుషుల బాధ్యత నుంచి తప్పించి దైవానికి అప్పగిస్తుంది. భయపడినవాడు నిజానికి ఏమి అడిగాడో రెండు సందర్భాలలోనూ ఎవరూ వినరు.

ఆళ్లగడ్డ పరిసర గ్రామాలవారికి పెద్ద ఆపరేషన్ అంటే చాలాకాలంగా నంద్యాలకో కర్నూలుకో ప్రయాణమే. కర్నూలు వైద్యకళాశాల 1956లో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. ఆళ్లగడ్డను నంద్యాలతో కలిపే 40వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణం సులభమైంది. చికిత్స దగ్గరైనంత మాత్రాన మత్తు గురించిన భయం దూరం కాలేదు. దూరం కాకపోవడానికి కారణం చదువులేమి ఒక్కటే అయితే చదువుకున్నవారికి ఆ భయం ఉండకూడదు. వైద్యులు సైతం తాము రోగులైనప్పుడు దానికి లోనవుతారు. కనుక ఆ భయంలో అజ్ఞానం కాని అంశం ఏదో ఉంది.

ఆ అంశాన్ని గుర్తించి దాని నైతిక స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం. పూర్తి మత్తుకు ముందు కలిగే భయం తొలగించవలసిన దౌర్బల్యం కాదనీ, జవాబు చెప్పవలసిన ప్రశ్న అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రశ్నకు తగిన జవాబు ఓదార్పు కాదు, మరొకరి అప్రమత్తత.

2. పదవిచారం

తెలుగులో ఈ స్థితిని చెప్పే మాటలే మన విచారణకు తొలి ఆధారం. ఆంగ్లంలో దీనికి వాడే పేరు గ్రీకు మూలం నుంచి వచ్చింది. స్పర్శజ్ఞానం లేకపోవడం అని దాని అర్థం. అందులో నొప్పి తెలియదన్న సంగతి మాత్రమే ఉంది. తెలుగువాడు అక్కడితో ఆగలేదు. ‘తెలివి తప్పింది’ అన్నాడు, ‘స్మారకం లేదు’ అన్నాడు, ‘స్పృహ పోయింది’ అన్నాడు. తెలివి జ్ఞానం. స్మారకం జ్ఞాపకం. స్పృహ అనే మాటకు సంస్కృతంలో కోరిక అని అర్థం. తెలుగులో అది చైతన్యమైంది. కోరుకోగలగడమే బతికి ఉండడానికి గుర్తు అన్నట్టుగా ఆ అర్థపరిణామం జరిగింది. దానికి వ్యతిరేకమైన ‘నిస్పృహ’ను మనం నిరాశ అనే అర్థంలో వాడుతున్నాము. ఒక మనిషి స్పృహ కోల్పోవడం అంటే తెలుసుకొనే శక్తినీ, గుర్తుంచుకొనే శక్తినీ, కోరుకొనే శక్తినీ ఒక్కసారిగా వదులుకోవడం. భయపడే రోగి మనసులో ఈ మూడూ ఉన్నాయి. భాష వాటిని ముందే విడదీసి పేర్లు పెట్టింది.

‘మత్తు’ అనే మాట ఇంకా విలువైనది. సంస్కృత ‘మత్త’ శబ్దంతో, మద ధాతువుతో దానికి సంబంధం ఉంది. శస్త్రచికిత్సకు ఈ మాటను వర్తింపజేయడం కొత్త కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో, నొప్పికి ఓర్వలేనివాడు మద్యపానం అలవాటు ఉన్నవాడైతే శస్త్రకర్మకు ముందు అతనికి తీక్ష్ణమైన మద్యం ఇవ్వాలని విధి ఉంది. మత్తుడైనవాడు శస్త్రాన్ని ఎరుగడన్నది అక్కడ చెప్పిన కారణం. మూర్ఛ రాకుండా ముందుగా భోజనం పెట్టాలని కూడా ఆ సంహిత చెబుతుంది. అయితే మూఢగర్భం, ఉదరవ్యాధి, మూలవ్యాధి, అశ్మరి, భగందరం, ముఖరోగాల వంటి సందర్భాలలో మాత్రం భుజించని వానికే శస్త్రకర్మ చేయాలని మినహాయింపు పెట్టింది. అన్నం పెట్టడం మేలా, పస్తు ఉంచడం మేలా అన్న విచక్షణ ఆనాటికే ఉందని దీనివల్ల తెలుస్తుంది. నేడు పూర్తి మత్తుకు ముందు ఘనాహారం ఆరు గంటలు, మంచినీరు రెండు గంటలు ఆపమనడంలోని కారణం వేరు. మత్తులో కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగకుండా ఉండడానికే ఆ నియమం.

మద ధాతువు నుంచే ‘ప్రమాదం’ వచ్చింది. దానికి మూలార్థం ఏమరుపాటు. తెలుగులో అది కీడుగా, అపాయంగా, దుర్ఘటనగా స్థిరపడింది. ‘ప్రమత్తుడు’ ఏమరినవాడు. ‘అప్రమత్తుడు’ ఏమరనివాడు. ఒకే ధాతువు మత్తునూ, ప్రమాదాన్నీ, అప్రమత్తతనూ కన్నది. శస్త్రచికిత్స గదిలో ఈ మూడూ కలుస్తాయి. ఒకరు మత్తులో ఉన్నప్పుడు ప్రమాదం రాకుండా ఉండాలంటే మరొకరు అప్రమత్తులై ఉండాలి. అమెరికా మత్తువైద్యుల సంఘం తన చిహ్నంలో దీపస్తంభాన్ని, నినాదంగా అప్రమత్తత అనే అర్థమిచ్చే ఒకే ఒక్క మాటను పెట్టుకోవడం ఇందుకు అనుగుణంగా ఉంది. మహాభారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ప్రమాదాన్నే మృత్యువుగా నిర్వచించాడు. అది ఆధ్యాత్మిక సందర్భంలో చేసిన నిర్వచనం. మత్తువైద్యంలో దానికి అక్షరార్థం కూడా చెల్లుతుంది.

3. నిద్రా? మూర్ఛా?

“నిద్రపోయి లేచినట్లే” అన్న ఓదార్పు ఎంతవరకు నిజం? ఈ ప్రశ్న భారతీయ దర్శనాలకు పరిచితమైనదే. గాఢనిద్ర నుంచి లేచినవాడు తాను సుఖంగా నిద్రించాననీ తనకేమీ తెలియలేదనీ చెబుతాడు. ఆ మాట స్మృతి అనీ, కనుక నిద్రలోనూ సాక్షి చైతన్యం ఉండి తీరాలనీ అద్వైతుల వాదం. అది స్మృతి కాదు, లేచిన తరువాత చేసిన అనుమానం అనీ, సుషుప్తిలో ఆత్మకు జ్ఞానం లేదనీ నైయాయికుల వాదం. ఈ వాదం ఎటు తేలినా, మత్తుకు నిద్రను ఉపమానం చేయడం సరి కాదని బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయం రెండవ పాదంలోని ముగ్ధాధికరణం చూస్తే తెలుస్తుంది.

అక్కడ విచారించినది మూర్ఛ. అది జాగ్రత్తు కాదు, స్వప్నం కాదు, సుషుప్తి కాదు, మరణం కూడా కాదు అని తేల్చి, దానిని అర్ధసంపత్తిగా సూత్రకారుడు నిర్ణయించాడు. శంకరభాష్యం నిద్రకూ మూర్ఛకూ గల భేదాలను ప్రత్యక్షంగా చూసి చెప్పినట్టు వివరిస్తుంది. నిద్రించేవాని ముఖం ప్రసన్నంగా, ఊపిరి సమంగా ఉంటుంది. చేతితో తట్టితే లేస్తాడు. మూర్ఛపోయినవాని ఊపిరి ఒకోసారి చాలాసేపు ఆడదు. ముఖం భయంకరంగా ఉంటుంది. రోకటితో మోదినా లేవడు. నిద్రకు శ్రమ కారణం, మూర్ఛకు దెబ్బ వంటి బాహ్యహేతువు కారణం. తెలివి వచ్చిన తరువాత అతడు సుఖంగా నిద్రించానని అనడు, ఇంతసేపూ చీకటిలో పడి ఉన్నానంటాడు. మూర్ఛ మరణానికి ద్వారమనీ, కర్మ శేషం ఉన్నవాడు ఆ ద్వారం నుంచి తిరిగి వస్తాడనీ భాష్యకారుడు అంటాడు.

నేటి వైద్యశాస్త్ర దృష్టిలోనూ పూర్తి మత్తు సహజనిద్ర కాదు. మందుతో తెచ్చి, మందు తగ్గినప్పుడు తిరగగొట్టగల స్పృహలేమి అది. నిద్రించేవాడిని నొప్పి లేపుతుంది. మత్తులో ఉన్నవాడిని లేపదు. నిద్రలో ఊపిరి తనంతట ఆడుతుంది. మత్తులో, ముఖ్యంగా కండరాలను సడలించే మందు ఇచ్చినప్పుడు, గొట్టం వేసి యంత్రంతో ఊపిరి ఆడించవలసి వస్తుంది. కనుక మత్తు మూర్ఛకు దగ్గరిది, నిద్రకు దూరమైనది. దీనిని నిద్ర అని చెప్పడంలో దయ ఉన్నా సత్యం తక్కువ. తనకు జరగబోయేది నిద్ర కాదని రోగికి లోలోపల తెలుసు. అందుకే ఆ ఓదార్పు అతనికి అంటదు.

భాష్యంలోని మరొక పరిశీలన మన ప్రస్తుతాంశానికి ఇంకా ముఖ్యం. మూర్ఛితుడు బతికి ఉన్నాడా లేడా అని సందేహం కలిగినప్పుడు జనులు వేడి ఉందేమోనని గుండె ప్రదేశాన్ని తాకి చూస్తారు, ఊపిరి ఉందేమోనని ముక్కు దగ్గర చూస్తారు. మూర్ఛను మూర్ఛితుడు తెలుసుకోలేడు. పక్కనున్నవాడే తెలుసుకోవాలి. అతని ప్రాణానికి సాక్షి లోపల కాదు, బయట ఉన్నాడు. మత్తు గురించిన భయానికి మూలం ఇదేనని ఈ వ్యాస భావన. తన మెలకువను తాను కాక మరొకరు కాపాడవలసిన స్థితికి మనిషి తెలిసి తెలిసి ఒప్పుకోవలసి రావడమే ఆ భయం. తెలుగులో మెలకువ అంటే జాగరణ మాత్రమే కాదు, పనితనం కూడా. రోగి జాగరణ అనే మెలకువను వదిలి వైద్యుని పనితనమనే మెలకువను నమ్ముకుంటున్నాడు.

4. గుండెనా, ఊపిరా: హైదరాబాదు చూపిన పాఠం

1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఈథర్ మత్తును బహిరంగంగా ప్రదర్శించారు. 1847 మార్చిలో అది కలకత్తాకు చేరింది. అదే సంవత్సరం నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామును వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ కాలిగోరు తీసే చిన్న చికిత్సలో క్లోరోఫాము పీల్చిన కొద్ది నిమిషాలకే మరణించింది. ఆ మరణం ఎందుకు జరిగిందన్న దానిపై ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఆపరేషన్ గురించి ఆమె ముందునుంచి చాలా దిగులుపడిందని మాత్రం ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. నొప్పి పోగొట్టే మందుతో పాటే మందు మీది భయం కూడా పుట్టింది.

క్లోరోఫాము మరణాలలో ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వివాదం దశాబ్దాలపాటు సాగింది. ఆ వివాదానికి తీర్పు చెప్పే ప్రయత్నం తెలుగునేలకు సన్నిహితమైన హైదరాబాదులో జరిగింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్, 1889లో రెండవ కమిషన్ పనిచేశాయి. రెండవదానికి లండన్ నుంచి ‘లాన్సెట్’ పత్రిక ఎంపిక చేసిన లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆ ప్రయాణానికి నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. జంతువులపై చేసిన ప్రయోగాల ఆధారంగా, ఊపిరే ముందు ఆగుతుంది కనుక ఊపిరిని గమనిస్తూ ఉంటే క్లోరోఫాము నిరపాయమని కమిషన్ ప్రకటించింది. ఆ కాలంలో హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి కమిషన్ పనిలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా చరిత్రకారులు గౌరవిస్తున్నారు.

కమిషన్ చెప్పినదానిలో సగం గొప్ప సత్యం. మత్తు ఇచ్చేవాని చూపు శస్త్రవైద్యుని చేతి మీద కాక రోగి ఊపిరి మీద ఉండాలన్నది నేటికీ మారని సూత్రం. తక్కిన సగం, అంటే గుండెకు భయం లేదన్న నిశ్చయం, నిలవలేదు. తేలికపాటి క్లోరోఫాము మత్తులో గుండె లయ తప్పి ఒక్కసారిగా నిలిచిపోగలదనీ, అందులో అడ్రినలిన్ పాత్ర ఉందనీ 1911 ప్రాంతంలో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపాయి. అడ్రినలిన్ భయంలో శరీరం విడుదల చేసే ద్రవ్యం. అంటే భయపడవద్దని వైద్యులు తోసిపుచ్చిన భయం, మందుతో కలిసి, నిజంగానే అపాయహేతువు కాగలిగింది.

ఇందులో రెండు నైతిక పాఠాలు ఉన్నాయి. భయాన్ని ఉపేక్షించడం నిష్ఫలమే కాదు, ఒకోసారి హానికరం కూడా అన్నది మొదటిది. రెండవది నిశ్చయానికి సంబంధించినది. సరిగా ఇస్తే అపాయం లేనే లేదు అన్న సిద్ధాంతం, జరిగిన ప్రతి మరణాన్నీ ఇచ్చినవాని తప్పుగా మారుస్తుంది. మందును పరిశీలించవలసిన అవసరాన్ని అది మూసివేస్తుంది. సందేహించినవారే ఆ తలుపు తెరిచి ఉంచారు. శంకరభాష్యంలోని సామాన్య జనులు గుండెనూ చూశారు, ముక్కునూ చూశారు. సిద్ధాంతం మీది మమకారంతో హైదరాబాదు కమిషన్ ఒకటి చాలన్నది. నేటి శస్త్రచికిత్స గదిలో ఈసీజీ, రక్తపోటు, రక్తంలో ప్రాణవాయువును చూపే పల్స్ ఆక్సీమీటరు, నిశ్వాసంలోని బొగ్గుపులుసు వాయువును కొలిచే యంత్రం అన్నీ కలిసి ఉండడం, ఏ ఒక్క నిశ్చయాన్నీ నమ్మకూడదని వైద్యం నేర్చుకున్న వినయానికి రూపం.

5. సంఖ్యకూ వ్యక్తికీ నడుమ

భయపడే రోగికి చదువుకున్నవారు ఇచ్చే జవాబు సంఖ్య. ఆ సంఖ్య అబద్ధం కాదు. 2012లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక సమగ్ర పరిశీలన, 2.14 కోట్లకు పైగా మత్తు సందర్భాలను లెక్కలోకి తీసుకొని, కేవలం మత్తు కారణంగా జరిగిన మరణాలు 1970కి ముందు పది లక్షలకు 357 ఉండగా 1990ల తరువాత 34కు తగ్గాయని చూపింది. ఈ తగ్గుదల సంపన్న దేశాలలో ఎక్కువగా, తక్కిన దేశాలలో తక్కువగా కనిపించిందని కూడా ఆ పరిశీలన చెప్పింది. బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిగి 2014లో వెలువడిన మరొక పెద్ద పరిశీలన, పూర్తి మత్తులో అనుకోకుండా తెలివి వచ్చినట్టు తరువాత చెప్పినవారు సుమారు 19,000 మందిలో ఒకరని తేల్చింది. కండరాలను సడలించే మందు వాడినప్పుడు అది సుమారు 8,000లో ఒకరు.

ఈ లెక్కలు ధైర్యం ఇవ్వవలసినవే. అయినా అవి భయాన్ని ముగించవు. సంఖ్య సమూహం గురించి చెబుతుంది, భయం ఒక్కరి గురించి అడుగుతుంది. పది లక్షలలో 34 అన్నప్పుడు రోగి మనసు మిగిలిన 9,99,966 వైపు పోదు. దానిని తర్కదోషమని నిందించడం సులభం. తన ఏకైక ప్రాణాన్ని సగటుగా భావించలేకపోవడం దోషం కాదు. సంఖ్య చెప్పేవాడు కూడా తన బిడ్డను లోపలికి పంపినప్పుడు గుమ్మం దగ్గర సగటుగా నిలబడలేడు.

గ్రీకు తాత్త్వికుడు ఎపిక్యూరస్ మార్గంలో మరొక సమాధానం ఉంది. మనం ఉన్నంతవరకు మరణం లేదు, మరణం ఉన్నప్పుడు మనం లేము, కనుక తెలియని స్థితికి భయపడడం అర్థరహితమన్నది దాని సారం. మత్తులో రోగికి ఏమీ తెలియదు కనుక ఆ స్థితికి భయపడనక్కరలేదు అన్న వాదన ఇదే కోవలోది. ఇది రోగి భయాన్ని సరిగా వినకపోవడం వల్ల పుట్టిన వాదన. చాలామంది రోగులు భయపడేది తాము అనుభవించబోయే శూన్యానికి కాదు. ఇంట్లో పెళ్లి కావలసిన కూతురు ఉంది, తీరని పంట అప్పు ఉంది, మాట ఇచ్చిన పనులు ఉన్నాయి. తిరిగి రాకపోతే తెగిపోయేది తమ అనుభవం కాదు, తమ మీద ఆధారపడినవారి జీవితాలు. భయంలో స్వార్థం కన్న బాంధవ్యమే ఎక్కువ. బాంధవ్యానికి ఎపిక్యూరస్ తర్కం జవాబు కాదు.

6. వంశస్మృతి: భయం జ్ఞానమైన సందర్భం

భయం అజ్ఞానమే అనే వాదానికి తెలుగు సమాజం నుంచే బలమైన ప్రత్యుదాహరణ ఉంది. గొట్టం వేయడానికి వీలుగా కండరాలను క్షణాలలో సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు 1950ల నుంచి వాడుకలో ఉంది. రక్తంలోని ఒక ఎంజైము దానిని విరగగొట్టడం వల్ల సాధారణంగా కొద్ది నిమిషాలలో దాని ప్రభావం పోతుంది. కొందరిలో జన్యుకారణంగా ఆ ఎంజైము పనిచేయదు. అటువంటివారికి ఈ మందు ఇస్తే గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి సొంతంగా ఆడదు. యంత్రంతో ఊపిరి ఆడిస్తూ, మత్తు కొనసాగిస్తూ ఓపికగా వేచి ఉంటే రోగి కోలుకుంటాడు. ఆ సంగతి గ్రహించకపోతే శరీరం కదలని మెలకువ అనే దారుణ స్థితి ఏర్పడవచ్చు.

ప్రపంచంలో అరుదైన ఈ లక్షణం దక్షిణ భారతంలోని ఆర్యవైశ్య సముదాయంలో ఇతరులకన్న ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధకులు గుర్తించారు. 2006లో ప్రచురితమైన పరిశోధన, ఆ ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ ఉండడాన్ని కారణంగా చూపింది. ఇది రోగం కాదు. నిత్యజీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆ ఒక్క తరహా మందు తగిలినప్పుడే ఇది బయటపడుతుంది. వర్తకకుటుంబాలు ఎక్కువగా ఉన్న నంద్యాల వంటి పట్టణంలో మత్తువైద్యునికి ఇది పుస్తకంలో మాత్రమే ఉండవలసిన విషయం కాదు.

ఇప్పుడు ఒక కుటుంబంలో “మా పెదనాయనకు మత్తు ఇచ్చినప్పుడు చాలాసేపు ఊపిరి రాలేదంట, అందుకే మాకు భయం” అన్న మాట పుట్టిందనుకుందాం. వినేవాడు దానిని భయంగా మాత్రమే తీసుకుంటే “ఏం కాదులే” అంటాడు. ప్రశ్నగా తీసుకుంటే రక్తపరీక్ష చేయిస్తాడు, ఆ మందు మానుతాడు. పెద్దలు చెప్పుకొనే ఆ భయం ఒక వంశం తన దేహం గురించి కాపాడుకున్న జ్ఞానం. దానికి శాస్త్రీయమైన పేరు లేకపోవచ్చు, శాస్త్రం అడగవలసిన సమాచారం మాత్రం ఉంది. మరొక నైతిక సూక్ష్మం కూడా ఇక్కడ ఉంది. ఆసుపత్రిలో కులం అడగడం సాధారణంగా అనుచితం. ఈ సందర్భంలో కుటుంబ నేపథ్యం అడగకపోవడమే అనుచితం. ఎందుకు అడుగుతున్నాడో చెప్పి అడగడం వల్ల ఆ ప్రశ్న అవమానం కాకుండా రక్షణ అవుతుంది.

భయం మాటగా మారడం రోగి ధర్మం కూడా. ముందురోజు తాగిన మద్యం, మానని గుట్కా, ఆకలికి ఓర్వలేక తెల్లవారుజామున తాగిన పాలు, ఊగుతున్న పన్ను, నాటువైద్యుని మాత్రలు, ఇవన్నీ చెప్పవలసినవి. చెబితే ఆపరేషన్ వాయిదా పడుతుందేమో, వచ్చిన బంధువులు వెనక్కి పోవలసి వస్తుందేమో అని దాచేవారు ఉన్నారు. దాచిన భయం ప్రమాదం, చెప్పిన భయం జాగ్రత్త. వైద్యుడు నోరు పెద్దగా తెరవమనడం, మెడ వెనక్కి వంచమనడం రోగికి లాంఛనంగా తోస్తాయి. గొట్టం సులభంగా పోతుందా లేదా అని ముందే అంచనా వేయడానికే అవి. కారణం చెప్పిన క్షణంలో ఆ పరీక్ష భయానికి ఇచ్చిన జవాబు అవుతుంది.

7. సమ్మతి ఎవరిది?

పూర్తి మత్తు గురించిన భయంలో మూడవ పోగు ఒకటి ఉంది. తెలివి లేనప్పుడు తన దేహం గురించి ఎవరు నిర్ణయిస్తారన్నది అది. మన కుటుంబాలలో సంతకం పెట్టేది తరచుగా కొడుకో అల్లుడో. “ఆయనకేం చెప్పొద్దండీ, భయపడతాడు” అన్న మాట ప్రేమగానే వస్తుంది. ఈ ప్రేమకు హద్దు ఎక్కడన్నది 2008 జనవరి 16న సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు విచారించింది. రోగ నిర్ధారణ కోసం పూర్తి మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె స్పృహలో లేని సమయంలో, తల్లి సమ్మతితో గర్భాశయం తొలగించారు. రోగి తెలివిగల వయోజనురాలు కనుక, ప్రాణాపాయం లేనప్పుడు ఆమె మేల్కొనే వరకు ఆగవలసిందేననీ, తల్లి సమ్మతి ఆమె సమ్మతి కాదనీ కోర్టు నిర్ణయించింది. అదే సమయంలో, అరుదైన ప్రతి అపాయాన్నీ ఏకరువు పెట్టనక్కరలేదనీ, నిర్ణయానికి చాలినంత సమాచారం ఇవ్వాలనీ మధ్యమార్గం చెప్పింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. నిజం చెబితే భయం పెరుగుతుంది, పెరిగిన భయం హాని చేస్తుంది, కనుక దాచడమే హితం. ఈ ఆక్షేపణలో కొంత బలం ఉంది. అయితే భయాన్ని పెంచేది చాలాసార్లు నిజం కాదు, నిజాన్ని ఒంటరిగా మోయవలసి రావడం. అపాయం చెప్పి వెళ్లిపోవడం వేరు. అపాయం చెప్పి, దానికి తాము చేయబోయే ఏర్పాటు చెప్పి, అంతసేపూ పక్కనే ఉంటామని చెప్పడం వేరు. మొదటిది చట్టం నుంచి వైద్యుడిని కాపాడుతుంది. రెండవది రోగిని కాపాడుతుంది. చిన్న పట్టణాలలో రోగికి శస్త్రవైద్యుని పేరు తెలుస్తుంది, మత్తువైద్యుని పేరు తెలియదు. ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి తిరిగే మత్తువైద్యుడిని రోగి మొదటిసారి చూసేది ఆపరేషన్ బల్ల మీదనే కావచ్చు. తన మెలకువను ఎవరికి అప్పగిస్తున్నాడో తెలియకుండా అప్పగించమనడం అన్యాయం. ముందురోజు అయిదు నిమిషాల ముఖాముఖి ఈ అన్యాయాన్ని చాలావరకు సరిచేస్తుంది.

ఈ అయిదు నిమిషాలు కేవలం వ్యక్తి సౌజన్యం మీద ఆధారపడితే చాలదు. ఒకే మత్తువైద్యుడు ఎన్నో గదులు చూడవలసిన చోట అతడు కోరుకున్నా ఆగలేడు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు పేదవారికి శస్త్రచికిత్స ఖర్చును తీర్చాయి. ప్రశ్న అడిగే ధైర్యాన్ని, జవాబు చెప్పే తీరికను కూడా సమకూర్చినప్పుడే ఆ మేలు పూర్తవుతుంది. డబ్బున్న రోగి భయం ప్రశ్నగా వినబడి, పేదరోగి భయం మొండితనంగా వినబడితే, అప్రమత్తత అందరికీ సమానంగా అందనట్టే.

8. జాబితాకు అందనిది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్స భద్రతకు ఒక తనిఖీ పట్టికను ప్రవేశపెట్టింది. మత్తు ఇవ్వడానికి ముందే రోగి తన పేరు, చేయబోయే చికిత్స, దేహంలో దాని స్థానం, తన సమ్మతి తానే చెప్పాలన్నది దాని మొదటి అంకం. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దానిని పరీక్షించగా మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. స్పృహ వదలబోయే మనిషి చివరి మాటను వినడంతో భద్రత మొదలవుతుందన్న సూత్రం ఈ పట్టికలో అంతర్లీనంగా ఉంది.

అయినా ఏ పట్టికా సంపూర్ణం కాదు. ఆళ్లగడ్డకు సమీపంలోని అహోబిలం క్షేత్రకథ ఈ విషయంలో ఆలోచింపజేస్తుంది. హిరణ్యకశిపుడు అపాయాలన్నింటికీ జాబితా రాసి మినహాయింపు కోరినవాడు. పగలు కాదు, రాత్రి కాదు, లోపల కాదు, బయట కాదు అని అతడు ఎంచినకొద్దీ, ఎంచనిదేదో సంధ్యవేళ గడప మీద మిగిలింది. అతని లోపం జాబితా రాయడం కాదు. జాబితా రాశాను కనుక ఇక ఏమరవచ్చు అనుకోవడం. ప్రహ్లాదుని మార్గం వేరు. అతనికి జాబితాయే అక్కరలేదు. మానవమాత్రుడైన రోగి ఈ ఇద్దరిలో ఎవరూ కాలేడు. అన్నీ ఎంచి నిర్భయుడు కాలేడు, ఏదీ ఎంచకుండా విశ్వసించలేడు. అతనికి కావలసినది ఎంచదగినవి ఎంచి, ఎంచలేనివాటి కోసం కన్నార్పక చూసే ఒక మనిషి. స్వామి మీద భారం వేయడం ఆ మనిషి బాధ్యతకు తోడు కావాలి, దానికి బదులు కాకూడదు.

9. ఉపసంహారం

పై విచారణ వల్ల తేలిన అంశాలు ఇవి. మత్తుకు ముందటి భయంలో తిరిగి రానేమో అన్న చింత, తెలివి ఉన్నా ఎవరికీ తెలియకపోవచ్చునన్న చింత, తన మీద ఇతరులు నిర్ణయిస్తారన్న చింత అనే మూడు పోగులు ఉన్నాయి. మొదటిదానికి గుండెనూ ఊపిరినీ రెండింటినీ వదలని చూపు జవాబు. రెండవదానికి మత్తు లోతును, మందును, వంశచరిత్రను లెక్కలోకి తీసుకొనే పరీక్ష జవాబు. మూడవదానికి రోగి స్వయంగా ఇచ్చిన, రోగికి అర్థమైన సమ్మతి జవాబు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా “భయపడవద్దు” అన్న మాటతో తీరదు. అందుకే ఆ మాటను వైద్యధర్మంగా పరిగణించలేము.

భయం లేని రోగిని తయారుచేయడం వైద్యవ్యవస్థ లక్ష్యం కానక్కరలేదు. భయపడిన రోగి అడగగలగడం, అడిగినదానికి జవాబు చెప్పవలసిన మనిషి పేరుతో సహా ఎదురుగా ఉండడం చాలు. మత్తు ఇచ్చే చేతికి మందు తెలిసి ఉండడం విద్య. ఆ మత్తు ఉన్నంతసేపూ తాను మత్తుడు కాకుండా, ప్రమత్తుడు కాకుండా ఉండడం ధర్మం. మద ధాతువుకు నఞ్ చేర్చి మన పూర్వులు కట్టిన ‘అప్రమత్తత’ అనే మాటలో ఆ ధర్మం సంక్షిప్తమై ఉంది. నంద్యాల ఆసుపత్రి వరండాలో ఆళ్లగడ్డ రైతు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నకు అర్థం కూడా అంతే: నేను తెలివిలో లేనప్పుడు నా కోసం తెలివిలో ఉండేది ఎవరు? పేరు చెప్పి జవాబివ్వవలసిన ప్రశ్న అది.